పెందుర్తి మేడ మీద పడవ

మా బావ పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళందరూ గేటు తీసుకుని లోపలికి రాగానే ముందు పైకి చూశారు. కారు ఉండాల్సిన చోట, పోర్టికో కప్పుకు, రెండు నవారు పట్టీల మీద బోర్లా వేలాడుతున్న పడవ వాళ్ళ కంట పడేది. నిలువునా మూడు మంచాలంత పొడవు, తేనె రంగు, రెండు వైపులా సన్నటి ముక్కు. దాన్ని కాసేపు చూసి, వచ్చిన పని గుర్తొచ్చి, హాల్లో దండ వేసిన ఫొటో వైపు తిరిగి మొహం దిగాలుగా పెట్టేవారు. ఒకాయన మా అక్కను ఓదార్చడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి, "మరి దాన్నేటి సేత్తారమ్మా?" అని అడిగేశాడు.

ఇంకో మాట అందరి నోటి చివరా ఉంది గానీ ఎవరూ బయటికి అనలేదు. ఈత రాని మనిషి పడవ కట్టాడు కాబట్టి ఎప్పటికైనా నీళ్ళలోనే పోతాడని కాలనీ తీర్మానించుకుని కూర్చుంది. ఆయనేమో మధ్యాహ్నం భోజనం చేసి, చారులో ఇంగువ ఎక్కువైందని చెప్పి, పడక్కుర్చీలో నడుం వాల్చి, ఇక లేవలేదు. గుండె ఆగిపోయింది. కాలనీ లెక్క తప్పించడం ఆయనకు అలవాటే.

ఆయన మా అక్క మొగుడు. వరసకు నేను బావమరిదిని గానీ, మా ఉత్తరాంధ్రలో ఇద్దరు మగాళ్ళు ఎదురుపడితే ఇద్దరూ బావలే కాబట్టి ఆయన కూడా నన్ను బావా అనే పిలిచేవాడు. వాళ్ళ వెనక వీధిలోనే నా ఇల్లు. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. నా పేపర్లు దిద్దడంలో కూడా ఆయన తప్పులు పట్టేవాడు.

పట్టకుండా ఎలా ఉంటాడు, ఆయన ఉద్యోగమే అది. ఉక్కు ఫ్యాక్టరీలో ఇతరులు తయారుచేసిన కడ్డీలను చూసి, బాగాలేని వాటి మీద పసుపు సుద్దతో ఇంటూ మార్కు వెయ్యాలి. జీతమిచ్చి మరీ వంకలు పెట్టించే కొలువు. లోకంలో చాలామంది ఉచితంగా చేసే పనిని ఆయన ఉద్యోగ విరమణ దాకా పీఎఫ్‌తో సహా చేశాడు. రిటైరయ్యాక కార్డు వెనక్కిచ్చాడు గానీ జేబులో సుద్దముక్క ఇవ్వలేదు. పెందుర్తిలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ పొద్దున్నే వచ్చి చూస్తే, నిన్న పూసిన గోడ నిండా పసుపు ఇంటూ మార్కులు ఉండేవి. ఒక మేస్త్రీ తాపీ అక్కడే పారేసి, "సార్, ఈ గోడకి నానేటి ద్రోహం సేసేను?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ తాపీ ఇప్పటికీ మా అక్క దగ్గరే ఉంది, మొక్కలకు మట్టి గుల్ల చెయ్యడానికి వాడుతుంది.

దేన్ని చూపించినా ఆయన మాట ఒకటే: "ఇంకా సూడాల." బాగుంది అన్న మాట ఆయన నోట్లోంచి రాగా విన్నవాళ్ళు లేరు. బాగా సంతోషం కలిగితే "పర్లేదు" అనేవాడు. పెళ్ళిచూపుల్లో మా నాన్న, అమ్మాయి నచ్చిందా బాబూ అని అడిగితే కూడా "ఇంకా సూడాల" అన్నాడట. మా వాళ్ళ మొహాలు మాడిపోయాయి. ఆయన తండ్రి మాత్రం మా నాన్న భుజం మీద చెయ్యి వేసి, "మావోడు వద్దనుకుంటే వద్దనీసేవోడు బావా. ఇలగన్నాడంటే ఒప్పీసుకున్నట్టే" అని ముహూర్తం పెట్టించాడు. అలా మా అక్క కాపురానికి వెళ్ళింది. ఆయన ముప్పై ఏళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

పడవ సంగతి ఫోన్‌లో మొదలైంది. ఎక్కడో చలిదేశంలో ఒక గడ్డపాయన తన కారు షెడ్డులో సన్నటి చెక్క పట్టీలు ఒకదాని పక్కన ఒకటి అతికించి పడవ చేస్తున్న వీడియో. ప్లైవుడ్ అచ్చులు వరసగా నిలబెట్టి, వాటి మీద పట్టీలు పరిచి అంచులకు జిగురు పెడతాడు. లోపలా బయటా ఫైబర్ గుడ్డ వేసి, ఆరితే గాజులా గట్టిపడే రెసిన్ పూస్తాడు. ఆ తర్వాత అచ్చులు తీసేసినా పడవ తన ఆకారంలో నిలబడుతుంది. మా బావ దాన్ని అన్నం తింటూ చూసేవాడు, పడుకునే ముందు చూసేవాడు.

"ఎందుకు బావా, మళ్ళీ మళ్ళీ అదే సూత్తన్నావ్?" అని అడిగాను.

"తప్పు దొరకట్నేదు బావా" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

గడ్డపాయన పనిలో తప్పు దొరక్కపోయేసరికి తనే ఒకటి చేసి అందులో పట్టుకుందామని నిర్ణయించుకున్నాడని నా అనుమానం. వాళ్ళది కొత్తవలస అవతల మెట్ట వ్యవసాయం చేసుకునే కుటుంబం. నీళ్ళతో వాళ్ళ సంబంధం బోరు మోటారు దగ్గర ఆగిపోతుంది. విశాఖలో ఇన్నాళ్ళున్నా ఆయన బీచిలో చెప్పులు విప్పి ఎరగడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు ఉందని వీధిలో అనుకున్నారు. నేనూ అన్నాను, కాస్త పెద్ద గొంతుతోనే.

పని మేడ మీద, రేకుల షెడ్డు కింద మొదలైంది. మొదలైన రోజు నుంచే కాలనీ మొత్తం ఒకే ఒక్క ముచ్చట కోసం కాచుక్కూర్చుంది. అంత పొడుగు పడవ మెట్ల మలుపులో తిరగదు కదా, పూర్తయ్యాక ఈయన తల పట్టుకుంటాడు కదా, ఆ రోజు చూద్దాం అని. ఎదురింటాయన ఆ రోజుకు తన కొత్త ఫోన్‌లో వీడియో తీద్దామనుకున్నాడు కూడా. మా బావ చెక్క కొనక ముందే పడవంత పొడుగు వెదురు బొంగు తెచ్చి, మెట్ల మీద తిప్పి చూసి, తిరగదని తేల్చుకుని, పిట్టగోడ మీంచి తాళ్ళతో దించడానికి రెండు కొక్కేలు బిగించాడు. ఈ సంగతి తెలిసినప్పుడు కాలనీ పొందిన నిరాశ అంతా ఇంతా కాదు.

అసలు చిక్కులు ఎవరూ ఊహించని చోట వచ్చాయి. గడ్డపాయన వాడిన చెక్క ఇక్కడ దొరకదు. టేకుతో చేస్తే పడవ మొయ్యడానికి నలుగురు కావాలి. వన్ టౌన్‌లో కలప అడితీలన్నీ తిరిగాం. ఆఖరికి అరకు కాఫీతోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ దుంగలు దొరికాయి. పావు అంగుళం మందాన పట్టీలు కొయ్యాలంటే కోత మిల్లు ఓనరు, "ఇల్లంతా బీడింగ్ కొడతారేటి సార్?" అని అడిగాడు. పడవకని చెబితే, "పోనీ బీడింగనే రాసుకుంటాన్లెండి, మావోళ్ళు నవ్వుతారు" అన్నాడు.

ఆ పట్టీలు మొదటి వానాకాలానికే వేడి నూనెలో అప్పడాల్లా మెలితిరిగాయి. అప్పటి నుంచి మా అక్క వంటిల్లు ఒక్కొక్క సామానే మేడ ఎక్కడం మొదలైంది. కొసల దగ్గర పట్టీ మెలి తిరగాలంటే ఆవిరి పట్టాలి. ఇడ్లీ పాత్ర మూతకు కన్నం పెట్టి, పైపు తగిలించి, ఆ పైపులో పట్టీ దూర్చాడు. ఆ ఇంట్లో కొన్నాళ్ళు ఇడ్లీలకు అడవి వాసన వచ్చింది. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి క్లాంపులు చాలక బట్టల క్లిప్పులన్నీ ఎత్తుకుపోయాడు. గాలికి ఆయన లుంగీ ఒకటి పక్కింటి వాటర్ ట్యాంకు మీద చాలా రోజులు జెండాలా ఉంది. క్లిప్పులకూ పట్టు చాలకపోతే సైకిల్ ట్యూబులు కోసి చుట్టాడు. నిజం చెప్పాలంటే ఆ ఉపాయాలన్నీ పనిచేశాయి. చిక్కు ఎదురైతే ఆయన కళ్ళు వెలిగేవి. చిక్కు తీరిపోతే మాత్రం మొహం పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా అయిపోయేది.

పట్టీలన్నీ అతికిన రోజు నన్ను పిలిచాడు. బోర్లించిన పడవ కిందికి ఫోన్ లైటు వేసుకుని దూరమన్నాడు. బయట నుంచి తను రగ్గు కప్పుకుని, ఎక్కడ వెలుతురు కారుతుందో చూస్తాడట. ఏప్రిల్ నెల, రేకుల షెడ్డు. నేను లోపల ఆవకాయలో ముక్కలా ఊరుతున్నాను.

"కుడికి జరుపు బావా. ఆగు. అదీ, ఉంది" అంటాడు బయట నుంచి. సుద్ద గీసిన చప్పుడు వినిపిస్తుంది. "ఇక్కడా ఉంది."

"ఎంతుంది?" అని అరిచాను.

"వెంట్రుకంత."

"వెంట్రుక సందులోంచి సముద్రం వత్తాదేటి బావా? మీద రెసిన్ పూత్తావ్ గదా, మూసుకుపోద్ది."

"మూసుకుపోద్ది గానీ, ఉందని నాకు తెలుసు గదా" అన్నాడు.

మర్నాటికి ఆ వైపు సగం పట్టీలు పీకి పక్కన పెట్టాడు. మొన్న నువ్వే బాగుందన్నావు కదా అని నిలదీస్తే, "నానెప్పుడన్నాను? పర్లేదన్నాను" అన్నాడు. మళ్ళీ అతికించాడు. రెసిన్ పూసిన సాయంత్రం సముద్రం వైపు నుంచి చెమ్మగాలి వచ్చి పూత పాలిపోయింది. గరుకు కాగితం పట్టి అంతా గీకేశాడు. శీతాకాలం ఎండ కోసం మబ్బులు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు మాత్రం ఆయనలో రైతైన వాళ్ళ నాన్న కనిపించాడు. ఆ తర్వాత వార్నిష్‌లో బుడగ వచ్చింది. ఆ తర్వాత కూర్చునే పలక ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వాలింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళను చూశాం గానీ, ఈయన ఈక దొరికేదాకా కొత్త గుడ్లు పెట్టే రకం. అలా మూడు వేసవులు గడిచాయి.

ఈలోగా గుండెకు స్టెంట్ పడింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, మేడ మెట్లు తగ్గించమన్నాడు. ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచే గోడకు పూసిన రంగు వైపు చూస్తూ పెదవి విరిచాడు. ఇంటికొచ్చిన వారానికే మళ్ళీ మేడ మీద ఉన్నాడు.

ఆ రోజుల్లో మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టింది. అక్క ఎప్పుడూ ఆయన మీద ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన వంకలను వంటింటి కిటికీలోంచి వచ్చే ఎండలా భరించింది.

"ఒరే తమ్ముడా, ఆ పడవ ఎలగైనా నీట్లోకి దిగాలిరా" అంది.

"నీకేటక్కా, అది దిగితే ఏటి, దిగకపోతే ఏటి?"

"నా వంట నుంచీ గోడల దాకా అన్నీ వాళ్ళూ వీళ్ళూ సేసినవే, అన్నిటికీ వంక పెట్టేడు. ఇదొక్కటే ఆయన సేతుల్తో సేసింది. దీన్ని కూడా బాగుందనకుండా పోతే, ఇంక దేన్నంటాడు? అది నాను సూడాల" అంది. కళ్ళు తుడుచుకోలేదు గానీ పోపు మాడిపోయింది.

అక్క పంచాంగం చూపించి మంచి రోజు కనుక్కుంది. ఊరికే నీళ్ళ పక్కన పెట్టి ఎలా ఉందో చూసి తెచ్చేద్దామని ఆయనకు చెప్పింది. చూడటం అంటే ఆయన ఎప్పుడూ కాదనడు. పడవను తాళ్ళతో దించాం. ఎదురింటాయన ఫోన్ తీశాడు గానీ పడవ పువ్వులా దిగింది. ట్రాలీ ఆటో వెనక బయటికొచ్చిన కొసకు ఎర్రగుడ్డ కట్టుకుని, ఆనందపురం మీదుగా భీమునిపట్నం వెళ్ళాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే ముందు కాస్త నెమ్మదిగా పరుచుకునే చోటు ఒకటి ఉంది, అక్కడికి.

ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు మూగారు. ఒక ముసలాయన పడవను ఒంటిచేత్తో ఎత్తి చూసి, "ఇదేటి బాబూ, సేపలకా, సోకుకా?" అన్నాడు. పక్కనున్న ఆయన భార్య మమ్మల్ని ఎగాదిగా చూసి, "కొత్త పడవకి పసుపూ కుంకం నేవేటి? గంగమ్మ తల్లికి సెప్పకుండానే దించీసుకుంటారేటి?" అని, మా జవాబు కోసం ఆగకుండా పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ తెప్పించింది. మూడేళ్ళు ఎమరీ పేపరు పట్టి అద్దంలా చేసిన ముక్కు మీద ఆవిడ గుప్పెడు పసుపు పులుముతుంటే, మా బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ముసలాయన కాయ చేతికి తీసుకున్నాడు. మా బావ అడ్డం వెళ్ళాడు.

"పడవ మీద కాదు తాతా, సెక్క పల్చన. అదిగో, రాయుంది, రాయి మీద కొట్టు."

"రాయేటి నీట్లోకి ఎల్తాదేటి బాబూ? ఎల్లేది పడవ గదా. మా పడవలన్నిటికీ ముక్కు మీదే కొడతాం" అన్నాడు ముసలాయన.

ఈ తగువు నడుస్తుండగానే మా బావ వంగి పడవ పక్కను చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. సుద్దముక్క బయటికొచ్చింది. "ఇదిగో, ఇక్కడ వార్నిష్ కింద ఏదో నలక ఉండిపోయింది. ఎండకి ఇప్పుడు కనిపించింది. ఇది గీకి మళ్ళీ పుయ్యాల. బావా, పట్టు, ఆటోలోకెత్తు" అన్నాడు.

నేను రెండో కొస పట్టుకోవడానికి వంగాను కూడా. అప్పుడు మా అక్క ముసలాయన చేతిలోంచి కొబ్బరికాయ తీసుకుంది. చీర కొంగు బొడ్డులో దోపింది. రాయి ఆవిడ కాలి పక్కనే ఉంది. పడవ ముక్కు మీద, పసుపు రాసిన చోట, చెయ్యి పైకెత్తి ఒక్కటి కొట్టింది.

కాయ సమంగా రెండు చెక్కలైంది. జాలరామె "సుబ్బరంగా పగిలింది, తల్లి ఒప్పుకుంది" అని తృప్తిగా తలాడించింది. ముక్కు పక్కన, రెండు వేళ్ళంత మేర, సన్నగా పగులు వచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురం ఈ ఇసకలో తెల్లారిపోతుందనుకున్నాను. మా బావ మోకాళ్ళ మీద కూర్చుని, పసుపు తుడిచి, పగులు మీద బొటనవేలు పెట్టి రాశాడు. గోరుతో గీశాడు. చెవి ఆనించి వేలితో కొట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీరు వత్తాదో రాదో సూడాల" అన్నాడు చివరికి.

"ఎలగ సూత్తావ్ బావా?"

"ఎలగేటి? నీట్లో పెట్టే సూడాల. ఇంకో దారేటుంది?" అన్నాడు, ఇంత తెలివితక్కువ ప్రశ్న లెక్కల మేష్టారు అడుగుతాడా అన్నట్టు.

అలా ఆ పడవ తనిఖీ కోసమని నీట్లోకి దిగింది. ఆయన నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని వెనక కూర్చుని తెడ్డు వేశాడు. మొదట తిరగలిలా అక్కడక్కడే తిరిగాడు. ఒడ్డున అందరూ నవ్వారు. తర్వాత ఏం కనిపెట్టాడో, రెండు వైపులా మార్చి వెయ్యడం మొదలుపెట్టాక పడవ తిన్నగా సాగింది. నీళ్ళ మీద అది ఎంత అందంగా ఉందో నేను చెప్పలేను.

కాసేపటికి ఒడ్డుకు తెచ్చి, అక్క వైపు చూడకుండా, "పగులు నీటికి పైనే ఉండిపోతంది. ముందు బరువుంటే గాని మునగదు. నువ్వెక్కు" అన్నాడు.

అక్క చెప్పులు నాకిచ్చి, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, ఎక్కి ముందు కూర్చుంది. ఇద్దరూ మెల్లగా మధ్యకు వెళ్ళారు. అక్కడ తెడ్డు ఆపి ఆయన ముందుకు వంగి ఏదో అనడం కనిపించింది. పగులు గురించే అనుకున్నాను. అక్క వెనక్కి తిరగలేదు. అవతలి గట్టు వైపు చూస్తూ కూర్చుంది. తిరిగొచ్చాక పడవలో చెంచాడు నీళ్ళున్నాయి. అవి పగులు లోంచి వచ్చాయో, తెడ్డు నుంచి కారాయో తేలలేదు. తేలాలంటే మళ్ళీ దించి చూడాలని ఆయన నిర్ణయించాడు. ఆ తర్వాత మూడేళ్ళ పాటు, వీలైన ప్రతి ఆదివారం, ఇద్దరూ అది తేల్చుకోవడానికి భీమునిపట్నం వెళ్ళారు.

ఆయన లేక నాకు చేతులు విరిగినట్టుంది. పేపర్లు దిద్దుతుంటే, నా తప్పు నేనే వెతుక్కోవలసి వస్తోంది. పెద్ద కర్మ అయిన మర్నాడు, చుట్టాలు వెళ్ళిపోయాక, అక్కా నేనూ పోర్టికోలో కూర్చున్నాం. అప్పుడు అడిగాను.

"అక్కా, ఆ రోజు రాయి నీ కాళ్ళ కాడే ఉంది గదా. పడవ మీదెందుకు కొట్టినావ్?"

"రాయి మీద కొడితే ఆయన పడవని ఇంటికి తెచ్చీసేవోడు. ఈ జన్మకి మళ్ళీ దించేవోడు కాదు" అంది అక్క.

"ఆ సంగతి బావకి తెలుసా?"

అక్క తల తిప్పుకుంది.

"నీళ్ళ మద్దెకి ఎల్లేక వంగి ఏదో అన్నాడు, సూసినావ్ గదా. 'కాయ బాగా కొట్టినావే' అన్నాడు."